ముడి పని ముడిది, జిగురు పని జిగురుది

(స్వర్ణోత్సవాల్లో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఇంజనీరువి కదా, సాంకేతిక రంగంలో యువత పాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ విషయం మీద నాకంటే బాగా మాట్లాడగలిగినవాళ్ళు ఈ హాల్లోనే పది మంది ఉన్నారు. నేను మాట్లాడబోయేది చాలా చిన్న విషయం. ఎంత చిన్నదంటే, చూడాలంటే భూతద్దం కావాలి. ఓడ నమూనాల మీద కట్టే తాళ్ళకు వేసే ముళ్ళు, ఆ ముళ్ళు ఊడకుండా పెట్టే జిగురు. ఇదీ నా విషయం.

నవ్వండి, పర్వాలేదు. మా ఇంట్లో కూడా నవ్వుతారు. ఆదివారం పూట దారం, పట్టకారు, కళ్ళజోడు పెట్టుకుని బల్ల ముందు కూర్చుంటే, "మీ నాన్న ఓడ ఎక్కాడు, భోజనానికి దిగడు" అంటుంది మా ఆవిడ పిల్లలతో.

కాని ఈ విషయం ఇక్కడే చెప్పడానికి కారణం ఉంది. అదిగో, ఆ పక్కన అద్దాల పెట్టెలో ఉన్న ఓడ నేను చేసిందే. రేపటి నుంచి అది మన బడిది. బడికి ఒక వస్తువు ఇచ్చేటప్పుడు అది ఎంతకాలం ఉంటుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నది ఇచ్చేవాడు ఆలోచించాలి. నేను ఆలోచించాను. ఆ ఆలోచనంతా చివరికి ఒక జిగురు చుక్క దగ్గరికి వచ్చి ఆగింది.

ముందు ఓడ సంగతి చెబుతాను. దాని పేరు ట్రింకోమలీ. బ్రిటిష్ నౌకాదళం ఓడే కాని పుట్టింది బొంబాయిలో. వాడియా కుటుంబం వారి పర్యవేక్షణలో, మలబారు టేకుతో కట్టి, 1817 అక్టోబరులో నీళ్ళలోకి దించారు. దాని నక్షాలు మోసుకొస్తున్న జావా అనే ఓడ 1812లో అమెరికన్లతో పోరులో నాశనమైతే, మళ్ళీ రెండోసారి నక్షాలు పంపించాల్సి వచ్చింది. ఆ ఓడ ఈనాటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ అనే ఊళ్ళో నీళ్ళ మీద తేలుతూనే ఉంది. రెండు వందల ఏళ్ళు దాటినా మన టేకు మునగలేదు.

నమూనా కొలత 1:96. అంటే అసలు ఓడలో 96 అడుగులు ఉన్నది ఇక్కడ ఒక అడుగు. ఫిరంగులు ఉండే అంతస్తు అసలు పొడవు సుమారు 150 అడుగులు. ఈ నమూనాలో 48 సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

మన కోరంగి ఓడ ఎందుకు చేయలేదని ఇందాకే ఒక మాష్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. కోరంగిలో ఓడలు కట్టేవారు. ఆ రేవు పేరు ఎంత దూరం పోయిందంటే, బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ అక్కడ కోరంగీలనే పిలిచారు. 1839 తుపాను ఆ రేవును చావుదెబ్బ తీసింది. అయితే నమూనా కట్టాలంటే ఏ తాడు ఎక్కడ మొదలై ఏ కప్పీ గుండా పోయి ఎక్కడ ముగుస్తుందో చెప్పే నక్షా చేతిలో ఉండాలి. ట్రింకోమలీకి అలాంటివి దొరికాయి. కోరంగి ఓడకు అంత వివరంగా ఉన్నవి నా చేతికి రాలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా అటక మీద అలాంటి కాగితం ఉంటే, దయచేసి తూకానికి అమ్మకండి. నాకు ఫోన్ చేయండి.

ఇక తాళ్ళ దగ్గరికి వద్దాం. తెరచాప ఓడ మీద తాళ్ళు రెండు రకాలు. కొయ్యస్తంభాలు అటూ ఇటూ ఒరగకుండా పట్టి ఉంచే కదలని తాళ్ళు ఒక రకం. తెరచాపలు ఎత్తడానికి, దించడానికి, తిప్పడానికి వాడే కదిలే తాళ్ళు ఇంకో రకం. స్తంభానికి రెండు వైపులా నిచ్చెనల్లా కనిపిస్తాయి చూశారా, నావికులు పైకెక్కేది వాటి మీదనే. నిలువు తాళ్ళకు అడ్డంగా సన్న తాళ్ళు మెట్లలా కడతారు. అసలు ఓడలో ఒక్కో మెట్టుకు మధ్య దూరం సుమారు 15 అంగుళాలు అనుకుంటే, 1:96లో అది 4 మిల్లీమీటర్లు.

లెక్క వేయండి. ఒక స్తంభానికి ఒక వైపు 8 నిలువు తాళ్ళు, 25 మెట్లు ఉంటే, తాడూ మెట్టూ కలిసే ప్రతి చోటా ఒక ముడి. అంటే 200 ముళ్ళు. రెండు వైపులా కలిపి 400. మూడు స్తంభాలకు 1200. ఇది మెట్ల లెక్క మాత్రమే. కప్పీలకు, తెరచాప వాసాలకు వేసే ముళ్ళు ఇందులో లేవు.

మన భాషలో ముడికి ఉన్నన్ని పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. జారుముడి, పీటముడి, చిక్కుముడి, బ్రహ్మముడి, కొప్పుముడి. విప్పడానికి వేసేది జారుముడి. విప్పలేనిది పీటముడి. ఎవరూ వేయకుండానే పడేది చిక్కుముడి. ముడి గురించి ఇంతగా ఆలోచించిన జాతి మనది. కల్లుగీత కార్మికుడు మోకు మీద నమ్మకంతో తాటిచెట్టు ఎక్కుతాడు. మన రేవుల్లో వల అల్లేవాళ్ళు వేలకు వేల ముళ్ళు వేస్తారు, ఒక్కదానికీ జిగురు పెట్టరు. పెళ్ళిలో మూడు ముళ్ళు వేసి, పైన ఫెవిక్విక్ చుక్క వేసిన పెళ్ళికొడుకుని నేనింతవరకు చూడలేదు.

మరి ఓడ నమూనాకే జిగురు ఎందుకు?

ఇక్కడ మన లెక్కల మాష్టారికి నచ్చే సంగతి ఒకటుంది. ఒక గుంజకు తాడు చుట్టి, కొస చేత్తో పట్టుకుంటే ఎంత బరువు ఆపగలం? దీనికి ఆయిలర్, ఐటెల్‌వైన్ అనే ఇద్దరి పేర్ల మీద ఒక సూత్రం ఉంది. తాడుకీ గుంజకీ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. ఒక చుట్టు చుడితే మన చేతి బలం 6.6 రెట్లు అవుతుంది. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు. అంటే కొసను 100 గ్రాముల బలంతో పట్టుకున్న పసివాడు కూడా మూడు చుట్లు ఉంటే 28 కిలోల బరువును ఆపగలడు. రేవులో పెద్ద ఓడను ఒక మనిషి తాడు చుట్టి నిలబెట్టడం వెనక ఉన్న రహస్యం ఇదే.

కాని గమనించండి, ఇది గుణకారం. చేతి బలం సున్నా అయితే? సున్నాను 285తో గుణించినా సున్నే. కొసను ఎవరూ పట్టుకోకపోతే ఎన్ని చుట్లు చుట్టినా ప్రయోజనం లేదు.

ముడి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. కొసను పట్టుకునే చెయ్యి కూడా ముడే. ఒక చుట్టు కొస మీదుగా వెళ్ళి దాన్ని నొక్కిపెడుతుంది. తాడు బిగువుగా ఉన్నంతసేపు ఆ నొక్కుడు ఉంటుంది. బిగువు పెరిగితే నొక్కుడూ పెరుగుతుంది. అందుకే అసలు ఓడ మీద గాలి ఎక్కువైనకొద్దీ ముడి ఇంకా బిగుస్తుంది. అక్కడ తాడు మీద పడేది టన్నుల బరువు.

నమూనాలో గాలి లేదు. తాడు మీద పడేది గ్రాముల బిగువు. కొన్ని తాళ్ళ మీద అదీ ఉండదు, ఊరికే వేలాడుతుంటాయి. పైగా పాలియెస్టర్ దారం ముడి వేసి వదిలితే స్ప్రింగులా మళ్ళీ విచ్చుకోవాలని చూస్తుంది. నొక్కే చెయ్యి సడలిపోతుంది. ఈ రోజు బాగానే ఉన్న ముడి ఆరు నెలల తర్వాత పెట్టె తెరిస్తే ఊడి కనిపిస్తుంది.

కాబట్టి జిగురు ముడికి బదులు కాదు. సడలిపోయే చేతికి బదులు మాత్రమే. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతాదంతా దానంతటదే తేలిపోతుంది. జిగురు ఎంత కావాలి? గుణకారానికి మొదటి అంకె అందించేంత. అంటే చుక్కలో పదో వంతు. ఎక్కడ పెట్టాలి? ముడి అంతా పూయడం కాదు, కొస చుట్టు కిందికి దూరే చోట. ముడి సరిగా పడని చోట జిగురు పోస్తే అది ముడి అవదు, ఉండ అవుతుంది.

ఇక ఏ జిగురు అన్నది రెండో ప్రశ్న. మా చిన్నప్పుడు జిగురంటే తుమ్మబంక. గాలిపటానికి అన్నం మెతుకులు. గోడ పత్రికకు ఉడికించిన మైదా. ఇప్పుడు బజారులో వందరకాలు. నమూనాలకు పనికొచ్చేవి మూడు.

మొదటిది క్షణంలో అంటుకునే జిగురు. రసాయన నామం సయనోఎక్రిలేట్. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురికి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్కు కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని అప్పుడు పక్కన పెట్టేశారు. ఆ అంటుకోవడమే దాని గొప్పతనమని తర్వాత గ్రహించి 1958లో బజారులోకి తెచ్చారు. ఇది గాలిలోని, వస్తువు మీది తేమతో గట్టిపడుతుంది. మన సముద్రతీరపు గాలికి దానికి పండగే.

నమూనాలు చేసేవాళ్ళలో చాలామంది దీన్నే వాడతారు. తొందరగా అవుతుంది కాబట్టి. కాని దీని గుణాలు చూడండి. నీళ్ళలా పలచగా ఉండటం వల్ల ముడి దగ్గర పెట్టిన చుక్క దారం వెంట అంగుళం దూరం పాకుతుంది. పాకిన మేరా దారం నల్లబడి, మెరిసి, పుల్లలా బిగుసుకుపోతుంది. ఆవిరి తగిలిన చోట తెల్లటి బూజులాంటి పొర వస్తుంది. నల్లటి తాళ్ళ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ పిల్లలకు ఒక హెచ్చరిక. టీచర్లు కూడా దయచేసి గుర్తుపెట్టుకోండి. ఈ జిగురు నూలు బట్ట మీద, దూది మీద ఎక్కువగా ఒలికితే ఒక్కసారిగా వేడి పుడుతుంది. చర్మం కాలేంత వేడి. ఒలికింది కదా అని దూదితో తుడవకూడదు. నూలు చేతితొడుగులు వేసుకుని వాడకూడదు. కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకూడదు.

రెండోది తెల్ల జిగురు. వడ్రంగి వాడేది, మన దేశంలో 1959 నుంచి ఫెవికాల్ పేరుతో అందరికీ తెలిసింది. నీళ్ళు సమానంగా కలిపి పలచగా చేసి, సూది మొనతో ముడి అడుగున తాకిస్తే తనే లోపలికి ఇంకుతుంది. ఆరితే కనిపించదు. ఎక్కువైతే తడి కుంచెతో తుడిచేయవచ్చు. ఆరడానికి కాసేపు పడుతుంది, ఈలోగా ముడిని సరిచేసుకునే వీలుంటుంది. ఆరిన తర్వాత కూడా నీళ్ళతో మెత్తబరిచి, ఓపికగా ముడి విప్పవచ్చు. ఒక్క సంగతి: దారానికి ముందే మైనం పట్టించి ఉంటే నీళ్ళ జిగురు లోపలికి ఇంకదు. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడుతుంది.

మూడోది మనకు అన్నిటికంటే పాతది, లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగిస్తే వడ్రంగులు పాలిష్‌కు వాడే ద్రావణం అవుతుంది. దాన్ని పలచగా కుంచెతో ముడికి తాకిస్తే స్పిరిట్ ఆవిరైపోయి లక్క మిగులుతుంది. కొసను పట్టి ఉంచడానికి ఆ మాత్రం చాలు. దీని గుణం ఏమిటంటే, ఎన్నేళ్ళ తర్వాతైనా ఒక స్పిరిట్ చుక్క వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ముడి విడిపోతుంది, దారం చెడదు.

ఈ ఓడ మీద నేను కదలని తాళ్ళకు తెల్ల జిగురు, కదిలే తాళ్ళకు లక్క వాడాను. క్షణం జిగురును ఒకే ఒక్క పనికి వాడాను. దారం కొసను అందులో ముంచి, గట్టిపడ్డాక ఏటవాలుగా కోస్తే అది సూదిలా అవుతుంది. అప్పుడు కప్పీలో అర మిల్లీమీటరు రంధ్రంలోకి సులువుగా దూరుతుంది. పని అయ్యాక ఆ గట్టి ముక్కను కత్తిరించి పారేస్తాం. యాభై దాటిన కళ్ళకు అది దేవుడిచ్చిన వరం.

ఇంత పట్టింపు ఎందుకని మీరు అడగవచ్చు. ముడి గట్టిగా ఉంటే చాలదా, విప్పాల్సిన అవసరం ఏముంది?

కొన్నేళ్ళ క్రితం ఒక కార్యాలయం వరండాలో ఉన్న ఓడ నమూనాను బాగుచేయమని నన్ను పిలిచారు. ఎక్కడన్నది చెప్పను, అక్కర్లేదు. చక్కటి చెక్క పని. ఎవరో నెలల తరబడి కూర్చుని చేసినది. శుభ్రం చేసేటప్పుడు చీపురు తగిలి ముందు స్తంభం పై ముక్క విరిగింది. అంతే. పది నిమిషాల్లో కొత్త పుల్ల చెక్కి పెట్టేయవచ్చు. కాని దానికి కట్టిన తాళ్ళన్నిటికీ, ప్రతి ముడికీ క్షణం జిగురు పోసి ఉంది. పట్టకారుతో ఒక ముడిని కదిలిస్తే దారం ఎండు పుల్లలా పుటుక్కుమంది. దాని పక్క దారం లాగితే అదీ అంతే. ఒక పుల్ల మార్చడానికి ముందు స్తంభం తాళ్ళన్నీ కోసి పారేయాల్సి వచ్చింది. మొదట కట్టిన మనిషి ఎవరో, ఎక్కడున్నారో వాళ్ళకు తెలియదు. ఆయన చేతి ముళ్ళు చెత్తబుట్టలోకి పోయాయి. మరమ్మతు చేసింది నేను, మనసు చివుక్కుమన్నదీ నాకే.

తాడు అనేది ఓడలో మారుతూ ఉండే భాగం. చెక్క ఎక్కువకాలం ఉంటుంది, తాడు తొందరగా పోతుంది. అసలు ఓడల మీద కూడా అంతే. పోర్ట్స్‌మత్‌లో ఉన్న విక్టరీ అనే ఓడ 1765లో నీళ్ళకు దిగింది. దాని మీద తాళ్ళ మొత్తం పొడవు 26 మైళ్ళని చెబుతారు. ఆ తాళ్ళేవీ 1765 నాటివి కావు. ఎన్నోసార్లు దించారు, మార్చారు, మళ్ళీ కట్టారు. అందుకే నావికుల ముళ్ళన్నీ రెండు పరీక్షలు పాసవ్వాలి. పని ఉన్నప్పుడు జారకూడదు. పని అయ్యాక విప్పితే రావాలి. ఒకటి పాసై రెండోది తప్పితే దాన్ని మనవాళ్ళు పీటముడి అన్నారు. పంచాయితీ ఎటూ తేలనప్పుడు పీటముడి పడిందంటాం కదా, ఊరికే అనలేదు.

ఇంజనీర్లకు ఇది కొత్త కాదు. యంత్రాల బోల్టులు కంపనానికి వదులవకుండా మరల మీద ఒక ద్రవం వేస్తాం. సాధారణంగా నీలం రంగుది వేస్తే మామూలు పానాతో విప్పవచ్చు. ఎర్ర రంగుది వేస్తే వేడి చేస్తే గాని రాదు. కొత్తగా చేరిన కుర్రాడు ఎర్రదే గట్టిది కదా అని అన్నిటికీ అదే వేయబోతాడు. సీనియర్ మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపి, "దీన్ని రేపు విప్పేది ఎవరు?" అని అడుగుతాడు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతకంటే మంచి ఇంజనీరింగ్ ప్రశ్న వినలేదు.

విప్పడమే కాదు, ఇంకో సంగతి కూడా ఉంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే నూలు తాళ్ళు, నార తాళ్ళు ఉబ్బి, పొడవు తగ్గి బిగుసుకుంటాయి. ఎండాకాలంలో సడలుతాయి. ఒక స్తంభాన్ని ముందు నుంచి లాగే తాడు, వెనక నుంచి లాగే తాడు, పక్కల నుంచి లాగేవి, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి బిగిస్తే ఇంకోటి వదులవుతుంది. నాలుగు వైపులా కట్టిన పందిరి రాట లాంటిదే. అందుకే పక్క తాళ్ళ కింద, బిగువు సరిచేసే సన్నటి తాళ్ళకు చివరి వరకు జారుముడే వేసి ఉంచాలి. స్తంభం నిటారుగా ఉందో లేదో చూసుకుని, ఒక నెల ఆగి, మళ్ళీ చూసుకుని, అప్పుడు ముడి వేయాలి. అక్కడ నేను అసలు జిగురే పెట్టలేదు. ఆ ముళ్ళు రేపు ఎవరైనా విప్పి బిగించుకోవచ్చు.

మన తీరంలో ఈ జ్ఞానం ఎప్పటినుంచో ఉంది. రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉన్న శాతవాహనుల నాణేలు మీరు పాఠంలో చదివే ఉంటారు. కోరమాండల్ తీరంలో మసులా పడవలని ఉండేవి. వాటికి మేకులు ఉండవు. పలకకు పలక ఆనించి, కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. పెద్ద ఓడలతో వచ్చిన బిగువైన పడవలు ఒడ్డు అలల్లో నేలకు కొట్టుకుని పగిలిపోయేవి. మసులా పడవ మాత్రం అలకు ఒంగి, సాగి, మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చేది. కుట్టు వదులైతే విప్పి మళ్ళీ కుట్టుకునేవారు. 2025 మే నెలలో కార్వార్‌లో మన నౌకాదళంలోకి చేరిన కౌండిన్య కూడా అలా కుట్టిన ఓడే. అజంతా గుహలోని ఒక చిత్రం ఆధారంగా కట్టారు.

గట్టిదనం వేరు, మన్నిక వేరు. ఏది ఒంగదో అది గట్టిది. ఏది బాగుచేయడానికి వీలవుతుందో అది మన్నేది. యాభై ఏళ్ళ సంఘానికి ఈ మాట చెప్పడం కాస్త సాహసమే. మన సంఘంలోనూ ముళ్ళు సడలలేదా? మధ్యలో కొన్నేళ్ళు సమావేశాలే జరగలేదు. అప్పుడు కొసలను పట్టుకుని ఉన్నది ఇద్దరు ముగ్గురు. ఏటా పోస్టుకార్డులు రాసినవాళ్ళు, చందా రసీదు పుస్తకం ఇంట్లో దాచినవాళ్ళు. వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, పేర్లు చెబితే ఊరుకోరు. చుక్కలో పదో వంతు జిగురు అన్నాను కదా, అది వాళ్ళే.

ఇక పిల్లలకు పద్ధతి చెప్పి ముగిస్తాను. ముడిని ముందు జిగురు లేకుండా వేయండి. రెండు చుట్లు తిప్పి, చుట్టు కింద నుంచి కొస లాగే ముడి. ఇంగ్లీషులో క్లోవ్ హిచ్ అంటారు, పశువును గుంజకు కట్టే ముడి లాంటిదే. బట్టల క్లిప్పు ఒకటి తాడుకు వేలాడదీసి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి ముడి జారకపోతే అప్పుడు జిగురు. జారితే విప్పి మళ్ళీ వేయండి. జిగురు సూది మొనతో, అడుగు వైపు నుంచి పెట్టండి. మిగిలింది కాగితం అంచుతో పీల్చేయండి. పూర్తిగా ఆరాకే కొస కత్తిరించండి, ముందు కత్తిరిస్తే ముడి విచ్చుకుంటుంది. రోజుకు యాభై ముళ్ళు దాటి వేయకండి. యాభై ఒకటో ముడి ఎప్పుడూ కోపంతో వేసిన ముడే అవుతుంది.

హెడ్మాష్టరుగారికి నేను ఈ రోజు నాలుగు వస్తువులు అప్పగిస్తున్నాను. ఓడ ఒకటి. రెండోది ఒక నోటు పుస్తకం. ఏ తాడు ఏ దారంతో కట్టాను, ఏ ముడికి ఏ జిగురు పెట్టాను, దాన్ని ఎలా కరిగించాలి అన్నీ తెలుగులో రాసి, బొమ్మలు వేసి ఉంచాను. మూడోది ఒక డబ్బా. అందులో అవే దారాల ఉండలు, లక్క రేకులు, పట్టకారు, భూతద్దం ఉన్నాయి. స్పిరిట్ మాత్రం ల్యాబులో తాళం వేసి ఉంచండి, పెద్దల సమక్షంలోనే వాడాలి. నాలుగోది పెట్టె తాళం చెవి.

పెట్టె అడుగున రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, మూయకండి. చెక్క నుంచి, జిగురు నుంచి పులుపు ఆవిర్లు వస్తుంటాయి. గాలి ఆడని పెట్టెలో అవి పేరుకుంటే సీసంతో చేసిన భాగాలు తెల్లటి పొడిగా మారిపోతాయి. ఈ ఓడ మీద ఫిరంగులు, లంగర్లు అందుకే ఇత్తడివి పెట్టాను. అయినా గాలి ఆడనివ్వండి.

నాదొక్కటే కోరిక. ఈ ఓడను చూడటానికి మాత్రమే ఉంచకండి. రెండేళ్ళకోసారి ఎనిమిదో తరగతి పిల్లల చేత పెట్టె తెరిపించండి. తాళ్ళు సడలాయేమో చూడమనండి. ఏదో ఒక తాడు తప్పకుండా తెగుతుంది, అది దాని ధర్మం. అప్పుడు నన్ను పిలవక్కర్లేదు. నేను ఉంటానో ఉండనో. నోటు పుస్తకం తీసి, లక్క ముడి మీద స్పిరిట్ చుక్క వేసి, పాత దారం విప్పి, కొత్త దారం కట్టమనండి. కట్టిన పిల్ల పేరు, తేదీ పుస్తకంలో నా పేరు కింద రాయమనండి. ఆ పుస్తకంలో కాగితాలు చాలా ఖాళీగా ఉంచాను.

ఇరవై నిమిషాలు దాటిపోయినట్టుంది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.   సెలవు.